పగడం మగ్గమా, దారమా?

కరీబియన్ సముద్రంలోని వర్జిన్ దీవుల పగడపు దిబ్బల మీద మైకేల్ రిస్క్ చేసిన అధ్యయనం ఒకటి 1972లో అచ్చయింది. అందులో ప్రధాన పనిముట్టు ఒక గొలుసు. సముద్రం అడుగున ముందు ఒక టేపును బిగుతుగా లాగి పట్టుకోవాలి. దాని పక్కనే గొలుసును వదలాలి. గొలుసు ప్రతి పగడపు ముద్ద మీదికీ ఎక్కి, ప్రతి గుంటలోకీ దిగి, నేల ఎలా ఉంటే అలా పడుకుంటుంది. టేపు పది మీటర్లు చూపించే చోట గొలుసు పదిహేను మీటర్లు పడితే ఆ నేల గరుకుదనం ఒకటిన్నర. చదునైన ఇసుక నేలకు అది ఒకటే. గరుకుదనం పెరిగిన చోట చేపల వైవిధ్యం కూడా పెరుగుతోందని రిస్క్‌కు తేలింది. ఆరేళ్ల తర్వాత, 1978లో, కురసావ్ దీవి దగ్గర లక్‌హర్స్ట్ ద్వయం చేసిన కొలతలూ ఆ మాటే చెప్పాయి.

ఆ తర్వాత సీషెల్స్‌లో, గ్రేట్ బారియర్ రీఫ్‌లో, లక్షద్వీప్‌లో ఎన్నో బృందాలు గొలుసులు, కెమెరాలు పట్టుకుని దిగాయి. అంకెలు పోగయ్యేకొద్దీ వాటి వెనక ఒక పాత ప్రశ్న మరింత స్పష్టంగా కనిపించసాగింది. ఆ ప్రశ్న జీవశాస్త్రం పుట్టకముందే పుట్టింది. ఒక చోట చేరి బతికే వందల జీవుల గుంపును ‘ఒకటి’ అనవచ్చా? అనవచ్చంటే, ఆ ఒకటిని అలా నిలిపి ఉంచుతున్నది ఏమిటి?

భారతీయ తార్కికులు ఈ పేచీని బట్ట పెట్టి తేల్చుకోబోయారు. నేసిన గుడ్డ దారాల కన్నా వేరైన కొత్త వస్తువని న్యాయదర్శనం వారైన నైయాయికులు వాదించారు. దారాలే ఉన్నాయి, గుడ్డ అన్నది మనం పెట్టుకున్న పేరు మాత్రమేనని బౌద్ధులు ఎదురు చెప్పారు. దూరం నుంచి సైన్యమూ అడవీ ఒక్కటిగా కనబడతాయి, దగ్గరికి వెళితే కనిపించేది సిపాయిలూ చెట్లూనన్న వాదం గౌతముడి న్యాయసూత్రాల్లోనే చర్చకు వచ్చింది. పదిహేడో శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈ సంప్రదాయాన్ని పిల్లల పాఠం చేసింది. తర్కం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థీ అందులో మూడు కారణాలు నేర్చుకుంటాడు. గుడ్డకు దారాలు సమవాయి కారణం. ఆ దారాలు ఒకదానితో ఒకటి కలిసిన కూర్పు అసమవాయి కారణం. మగ్గం, నాడె వంటివి నిమిత్త కారణాలు. గుడ్డ నేయడం అయ్యాక మగ్గం విరిగిపోయినా గుడ్డకు ఏమీ కాదు. దారం పోతే గుడ్డ పోతుంది. దారాలన్నీ ఉన్నా కూర్పు విడిపోతే అప్పుడూ గుడ్డ పోతుంది.

మరి చేపల గుంపుకు పగడం వీటిలో ఏ కారణం?

పూర్వీకులకు పగడపు దిబ్బల శాస్త్రం ముందే తెలుసని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు, వాళ్లకు తెలియదు. కానీ కారణాలను ఇలా విడదీసి చూసే పద్ధతి వాళ్లు తయారు చేసి పెట్టారు. దాన్ని సముద్రంలో పరీక్షకు పెట్టే అవకాశం గత యాభై ఏళ్లలోనే వచ్చింది, అదీ చాలావరకు విపత్తుల పుణ్యమా అని.

పరీక్ష కన్నా ముందు ఒక అడ్డు తొలగాలి. అసలు ఈ గుంపులో క్రమమనేదే లేదని వాదించినవాళ్లున్నారు. అడవుల విషయంలో ఇదే గొడవ అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నడిచింది. ఫ్రెడరిక్ క్లెమెంట్స్ మొక్కల సముదాయాన్ని ఒక పెద్ద ప్రాణిగా చూశాడు. 1926లో హెన్రీ గ్లీసన్ దాన్ని కొట్టిపారేశాడు: ఏ మొక్కకు ఆ మొక్క తనకు వీలైన చోట మొలుస్తుంది, అంతే. చేపల విషయంలో గ్లీసన్ పక్షాన నిలబడిన మనిషి పీటర్ సేల్. గ్రేట్ బారియర్ రీఫ్ దక్షిణ కొసన హెరాన్ దీవి దగ్గర, విరిగిన పగడపు రాళ్ల మీద తలా ఒక జాగా పట్టుకుని కాపలా కాసే డామ్సెల్ చేపలను ఆయన గమనించాడు. మూడు జాతులవి. మూడింటికీ కావలసింది ఇంచుమించు ఒకే రకం జాగా. ఒక చేప చచ్చి జాగా ఖాళీ అయితే దానిలోకి ఏ జాతి చేప వస్తుందో ముందుగా చెప్పే వీల్లేకపోయింది. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లలు కొన్ని వారాల పాటు నడిసముద్రంలో కొట్టుకుపోతూ ఉంటాయి. తిరిగి దిబ్బ చేరే రోజున ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ మొదట దిగినదే ఆ జాగాకు యజమాని. 1977లో సేల్ దీన్ని లాటరీ అన్నాడు.

శ్వేతాశ్వతర ఉపనిషత్తు మొదట్లోనే జగత్తుకు కారణం ఏమై ఉంటుందని అడిగి ఒక జాబితా ఇస్తుంది: కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛ, ఇంకా మరికొన్ని. సేల్‌ది యదృచ్ఛావాదం. ప్రతి చేపకూ తన ఒంటికి, నోటికి, తిండికి తగిన చోటు ఉందనీ దాన్ని బట్టే గుంపు ఏర్పడుతుందనీ చెప్పే ఎదుటి పక్షానిది స్వభావవాదం. ఉపనిషత్తు ఆ జాబితాను తిప్పికొట్టి వేరే దారి పట్టింది. సముద్రశాస్త్రం ఆ జాబితాలోనే ఉండిపోయి ఒక్కో పేరుకూ ఎంత వాటా ఇవ్వాలో లెక్కగట్టడం మొదలుపెట్టింది.

లాటరీకి పెద్ద వాటా ఇచ్చిన కారణం, పిల్లలు ఎక్కడెక్కడికో కొట్టుకుపోతాయన్న నమ్మకం. అది కాస్త సడలింది. పాపువా న్యూగినీలోని కింబే అఖాతంలో ఒక చిన్న రక్షిత దిబ్బ దగ్గర పరిశోధకులు తల్లి చేపలకు బేరియం ఐసోటోపు ఎక్కించారు. తల్లి నుంచి ఆ గుర్తు పిల్లల చెవిరాళ్లలోకి చేరుతుంది. 2007లో వెలువడిన ఫలితం ప్రకారం ఆ దిబ్బ మీద కొత్తగా దిగిన నారింజ రంగు క్లౌన్ ఫిష్ పిల్లల్లో, ఒక జాతి సీతాకోక చేప పిల్లల్లో సుమారు అరవై శాతం అక్కడ పుట్టినవే. రోజులు, వారాలు నీళ్లలో తిరిగి, పుట్టిన చోటికే వచ్చాయి. లాటరీలో టికెట్లు పంచేవాళ్లు కొంత పక్షపాతం చూపిస్తున్నారన్నమాట.

మరోవైపు, దిగిన పిల్ల బతకడానికి ఏం కావాలో వర్జిన్ దీవుల్లోనే మార్క్ హిక్సన్, జేమ్స్ బీట్స్ చేసిన ప్రయోగాలు చూపించాయి. సెయింట్ థామస్ దగ్గర వాళ్లు కాంక్రీటు దిమ్మెలతో చిన్న చిన్న దిబ్బలు కట్టారు. కొన్నిటికి రంధ్రాలు లేవు, కొన్నిటికి ఉన్నాయి, వాటిలోనూ చిన్నవి వేరు, పెద్దవి వేరు. కాంక్రీటు అంతటా అదే కాంక్రీటు, మారినదల్లా అందులోని ఖాళీ. రంధ్రాలున్న చోట చేపలు ఎక్కువయ్యాయి. పైగా చేప ఒంటికి సరిపోయే రంధ్రమే చేపకు పనికొచ్చింది. వెంటపడే పెద్ద చేప దూరలేని కంతలో దూరగలిగితే ప్రాణం దక్కుతుంది. పెద్ద కంతలు మాత్రమే ఉంటే అవి వేటాడే చేపలకు వసతి. గొలుసు కొలిచిన గరుకుదనానికి అసలు అర్థం ఇక్కడ బయటపడింది. చేపకు కావలసింది రాయి కాదు, రాళ్లు తమ మధ్య వదిలిన చోటు. అన్నంభట్టు లెక్కలో దాన్ని దారం అనలేం. అది కూర్పు.

కానీ పగడం కాంక్రీటు కాదు, అది బతికి ఉన్న జంతువు. ప్రశ్న ఇక్కడ ముదురుతుంది.

కింబే అఖాతంలోనే జెఫ్రీ జోన్స్ బృందం ఎనిమిదేళ్లు ఒకే దిబ్బల మీద లెక్కలు తీసింది. ఆ కాలంలో అక్కడి బతికున్న పగడం విపరీతంగా తగ్గిపోయింది. చేపల జాతుల్లో డెబ్బై అయిదు శాతానికి పైగా తమ సంఖ్యలో తగ్గాయి. సగం జాతులైతే మొదట ఉన్నదాంట్లో సగానికన్నా కిందికి పడిపోయాయి. 2004లో ఆ ఫలితం అచ్చయినప్పుడు ఆశ్చర్యపరిచింది పడిపోవడం ఒక్కటే కాదు. పెద్దయ్యాక పగడాన్ని అంటిపెట్టుకుని ఉండే జాతులు కొన్నే. అయినా ఇంతగా ఎందుకు తగ్గాయి? చాలా చేపలు పసితనంలో మొదట దిగేది బతికున్న పగడం మీద, లేదా దాని పక్కన. ఆ ఆధారం ఎంత ఎక్కువో తగ్గుదల అంత ఎక్కువగా ఉంది. ఎదిగిన చేపను చూసి దానికి పగడంతో పనిలేదని రాసుకున్న వాళ్లు, ఆ చేప జీవితంలో మొదటి రోజుల్ని లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ రక్షిత ప్రాంతాల్లోనూ అంతే జరిగింది. వల వేయకపోవడం పగడాన్ని కాపాడలేదు గనక చేపనూ కాపాడలేదు.

కొమ్మల పగడాల సందుల్లోనే బతుకంతా గడిపే గోబీల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. రెండంగుళాలైనా ఉండని ఈ చేపలు ఒక పగడపు గుత్తిలో జంటగా కాపురం పెడతాయి. బయటికి వెళ్లి జోడీ వెతుక్కోవడం ప్రాణాపాయం కావడం వల్లనేమో, గుత్తిలో ఉన్న రెండూ ఒకే లింగం అయితే వాటిలో ఒకటి లింగం మార్చుకోగలదు, అదీ రెండు దిశల్లోనూ. ఇంటి కోసం దేహాన్నే మార్చుకునే జీవికి ఇల్లు మగ్గం కాదు, నిస్సందేహంగా దారమే. పగడం చచ్చాక అవి అక్కడ ఉండవు.

మిగతా చేపలకు సీషెల్స్ జవాబు చెప్పింది. 1998లో వేడెక్కిన సముద్రం అక్కడి లోపలి దీవుల చుట్టూ తొంభై శాతానికి పైగా పగడాన్ని చంపేసింది. చచ్చిన పగడం వెంటనే కూలదు. సున్నపు అస్థిపంజరం కొన్నేళ్లు నిలబడే ఉంటుంది. స్పంజికలూ పురుగులూ దాన్ని లోపల నుంచి తొలుస్తాయి, అలలు బయట నుంచి కొడతాయి, చివరికి రాళ్లగుట్టవుతుంది. అప్పటిదాకా దిబ్బను చూసిన జాలరికి పెద్ద నష్టం కనిపించకపోవచ్చు, పెద్ద చేపలు దొరుకుతూనే ఉంటాయి. నికోలస్ గ్రాహం బృందం ఏడేళ్ల తర్వాత చూసినప్పుడు ముప్పై సెంటీమీటర్ల లోపు చేపలు తగ్గి ఉన్నాయి, నలభై అయిదు దాటినవి పెరిగి ఉన్నాయి. పెద్దవి చచ్చేలోపు వాటి స్థానంలోకి రావలసిన చిన్నవి లేవు. కూర్పు విడిపోయింది. గుడ్డ మాత్రం ఇంకా కొంతకాలం మడతలో ఉన్నట్టే కనబడింది.

2015లో అదే బృందం సీషెల్స్‌లోని 21 దిబ్బల చరిత్రను ముందుంచింది. పన్నెండు కోలుకున్నాయి. తొమ్మిది నాచుతో కప్పుకుపోయాయి. విపత్తుకు ముందు ఏ దిబ్బకు నిర్మాణం ఎక్కువ సంక్లిష్టంగా ఉందో, ఏది కాస్త లోతు నీళ్లలో ఉందో, ఈ రెండూ తెలిస్తే చాలు, అది బతుకుతుందో లేదో దాదాపు తప్పకుండా చెప్పవచ్చని తేలింది. యదృచ్ఛకు ఇక్కడ మిగిలిన వాటా చాలా తక్కువ.

ఇంతవరకు అన్నంభట్టు విభజన బాగానే పనిచేసింది. కొన్ని జాతులకు బతికున్న పగడం దారం, చాలా జాతులకు దాని కూర్పే ప్రాణాధారం, వలస వచ్చి పోయే ఏ కొన్నిటికో అది మగ్గం. కథ ఇక్కడితో ఆగితే తర్కశాస్త్రం గెలిచినట్టే. ఆగలేదు.

ఎర్రసముద్రంలో, ఎయిలాత్ దగ్గర, రాత్రిళ్లు పగడపు కొమ్మల మధ్య నిద్రపోయే ఒక డామ్సెల్ జాతి ఉంది. నిద్రలోనూ అది రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది. చీకట్లో పగడం లోపలి పాచికి వెలుతురు ఉండదు, ప్రాణవాయువు తయారు కాదు, కొమ్మల మధ్య నీరు నిలవ ఉండి ఊపిరాడని పరిస్థితి వస్తుంది. చేప రెక్కల కదలిక అక్కడికి కొత్త నీటిని తోస్తుంది. 2004లో ఈ పరిశోధన వెలువడింది. పగడాల్లో తలదాచుకునే ఇలాంటి చేపల విసర్జనలోని అమ్మోనియం పగడాలకు ఎరువు, చేపలున్న గుత్తులు వేగంగా పెరుగుతాయి. ఫిజీలో కనబడింది ఇంకా విచిత్రం. ఒక విషపు నాచు పగడాన్ని తాకితే పగడం ఒక రసాయన సంకేతం వదులుతుంది. నిమిషాల్లో గోబీలు అక్కడికి చేరి ఆ నాచును కొరికి దూరం చేస్తాయి. డానియెల్ డిక్సన్, మార్క్ హే 2012లో దీన్ని ప్రకటించారు. ఆ గోబీల్లో ఒక జాతి నాచును తినేస్తుంది, దాంతో తానూ మరింత విషపూరితమవుతుంది.

కట్టేవాళ్లూ కూల్చేవాళ్లూ కూడా చేపలే. నుదుటి మీద బొప్పి ఉన్న పెద్ద చిలక చేప ఒక్కటే ఏడాదికి అయిదు టన్నులకు పైగా దిబ్బ సున్నాన్ని కొరికి మింగుతుందని డేవిడ్ బెల్‌వుడ్ బృందం లెక్కగట్టింది. అది ఇసుకై బయటికి వస్తుంది.

అంటే ఇంట్లో ఉన్నవాళ్లు ఇంటిని చేస్తున్నారు, ఇల్లు వాళ్లను చేస్తోంది. గుడ్డ తన దారాలను తానే వడుక్కుంటుంటే న్యాయదర్శనం దగ్గర దానికి గడి లేదు, ఎందుకంటే అక్కడ కారణం కార్యం కన్నా ముందు ఉండి తీరాలి. ఈ ఇబ్బందినే పట్టుకుని కూర్చున్నవాడు బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు. కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో, ఈనాటి నాగార్జునకొండతో, సంప్రదాయం ఆయనను ముడిపెట్టింది. మూలమధ్యమకకారికలో ఒక అధ్యాయమంతా అగ్ని గురించీ కట్టె గురించీ. కట్టెను ఆశ్రయించి నిప్పు ఉంది సరే, మండనిది వంటచెరకు ఎలా అవుతుంది? నిప్పు వల్లే కదా దానికి ఆ పేరు? రెంటిలో ముందు ఏది సిద్ధించింది? ముందు ఏదీ లేదన్నది ఆయన దారి: రెండూ ఒకటి కావు, రెండూ వేరు కావు, ఏదీ తనంత తానుగా నిలబడేది కాదు. రెక్కలాడిస్తూ నిద్రపోయే చేపనూ దాని పగడాన్నీ వర్ణించడానికి దారం-గుడ్డ భాష కన్నా ఈ భాష సరిగ్గా అతుకుతుంది. అలాగని నాగార్జునుడు అన్నిటికీ సరిపోడు. తొంభై శాతం పగడం చచ్చినప్పుడు గోబీ ఎందుకు ముందు పోయింది, పెద్ద వేట చేప గ్రూపర్ ఎందుకు ఆలస్యంగా పోతుంది అని అడిగితే, అన్నీ పరస్పరం ఆధారపడ్డాయన్న జవాబు నిజమే గానీ దానితో పని జరగదు. ఎవరు దేని మీద ఎంత ఆధారపడ్డారో విడదీయడానికి మళ్లీ అన్నంభట్టు కావాలి.

గ్రూపర్ విషయంలో లక్షద్వీప్ ఒక చిక్కు ముడి వేసింది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు మూకుమ్మడిగా తెల్లబారాయి. నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు ఆ దిబ్బలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. చాలాకాలం బతికే గ్రూపర్ జాతులు నిర్మాణం నిలకడగా ఉన్న దిబ్బలనే నమ్ముకున్నాయి. ఒక జాతి మాత్రం, నెమలి గ్రూపర్ అని పిలిచేది, కూలిన దిబ్బల మీదా నిలబడింది. కూర్పు బాగున్న చోట అది పొంచి ఉండి వేటాడుతుంది. దాక్కోవడానికి ఏమీ మిగలని చోట తన ఇలాకాను పెంచుకుని తిరుగుతూ వేటాడటం నేర్చింది. ఇల్లు పోయినా ఇంటాయన మిగిలాడు, నడత మార్చుకుని. జాతుల జాబితాలో దాని పేరు పక్కన టిక్కు అలాగే ఉంటుంది. దిబ్బలో అది చేసే పని మాత్రం మారిపోయింది. గుంపు అంటే పేర్ల పట్టిక అనుకునేవారికి ఇక్కడ ఏ నష్టమూ కనబడదు.

చట్టం ఈ ప్రశ్నకు తన పద్ధతిలో ఒక జవాబిచ్చింది, బహుశా ఆ ఉద్దేశం లేకుండానే. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ మొదటి షెడ్యూలులో చేర్చింది. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ. వాటిలో బతికే వందల జాతుల చేపల్లో ఆ షెడ్యూలు ఎక్కినవి నీటిగుర్రాల వంటి కొన్నే. ఇంటికి మొదటి వరుస, ఇంట్లోవాళ్లకు బయట నిలబడే చోటు. ఇది పొరపాటులా కనిపిస్తుంది గానీ పైన చెప్పిన సాక్ష్యం చూశాక తెలివైన పని అనిపిస్తుంది. మన్నార్ సింధుశాఖలో సున్నానికీ కట్టడాలకూ దశాబ్దాల పాటు పగడపు రాయి తవ్విన ఫలితం అందరికీ తెలుసు, అక్కడి 21 దీవుల్లో రెండు నీటమునిగాయి. అయితే సముద్రం వేడెక్కితే ఈ షెడ్యూలు ఏమీ చేయలేదు.

ఇల్లు కట్టి ఇస్తే సరిపోతుందా అన్న ఆలోచనకు చేదు అనుభవం ఫ్లోరిడాది. 1970లలో ఫోర్ట్ లాడర్‌డేల్ తీరానికి కాస్త దూరంలో సుమారు ఇరవై లక్షల పాత టైర్లను కట్టలు కట్టి సముద్రంలో దించారు. కట్లు తెగాయి, టైర్లు దొర్లుకుంటూ వెళ్లి పక్కనున్న నిజమైన పగడాలను గుద్దాయి. వాటిని ఇప్పటికీ ఏరుతూనే ఉన్నారు. దానికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న ప్రయోగం గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజర్డ్ దీవిది. టిమ్ గోర్డన్ బృందం విరిగిన పగడపు ముక్కలతో చిన్న కుప్పలు పేర్చి, కొన్నిటి దగ్గర నీటిలో స్పీకర్లు పెట్టి ఆరోగ్యంగా ఉన్న దిబ్బ శబ్దాలు వినిపించింది. నలభై రోజుల్లో ఆ కుప్పల దగ్గర చేపలు రెట్టింపయ్యాయి, జాతులు సగం మేర పెరిగాయి. ఇంకా ఏర్పడని గుంపు సందడి విని, ఆ గుంపులో చేరడానికి వచ్చాయి. రావడంతో గుంపు ఏర్పడింది. నాగార్జునుడు దీన్ని ఇష్టపడేవాడు. స్పీకరు ఆపాక అవి ఉండాలంటే మాత్రం పగడం పెరగాలి.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మన తీర రాష్ట్రాల్లో కృత్రిమ దిబ్బలు దించుతున్నారు. కొన్ని అచ్చం బావి ఒరల్లా ఉంటాయి, కొన్ని త్రికోణాకారంలో, కొన్ని గ్రూపర్ల కోసమే పెద్ద కంతలతో ఉంటాయి. వీటి చుట్టూ చేపలు చేరతాయనడంలో సందేహం లేదు. అవి అక్కడ కొత్తగా పుట్టి పెరిగినవా, లేక పక్కనున్న పాత రాతినేలల నుంచి వచ్చి పోగైనవా అన్న వాదం 1980ల నుంచీ తెగలేదు. పోగైనవే అయితే పట్టుకోవడం సులువవుతుంది, మొత్తం చేప పెరగదు. ఒర దించిన ఏడాది వలలో పడ్డ బరువు ఈ తేడాను చెప్పలేదు. ఒరలోని చిన్న కంతల్లో వేలెడంత పిల్లలు ఏటా చేరుతున్నాయా, చుట్టుపక్కల పాత చోట్ల పట్టుబడి తగ్గుతోందా అన్న రెండు లెక్కలు వరసగా కొన్నేళ్లు రాయాలి. వల నిండిన వార్తకు దొరికినంత చోటు ఈ లెక్కలకు పత్రికల్లో ఇంకా దొరకలేదు.